బ్లెండరు–మాయా వివాద పద్యానికి టీకా తాత్పర్యం

కాసు లేకున్న బ్లెండరు, కాసులున్న
మాయ యందురు పెద్దలు, మైనమట్లు
కరగిపోయెడు దానికై కలహమేల?
మిగులు రూపము గనవోయి, మేటి శిల్పి!

అవతారిక

గేములో పరుగెత్తే బొమ్మను కంప్యూటర్‌లో మలచడానికి ఊరికే దొరికే సాఫ్ట్‌వేర్ చాలునా, పెద్ద స్టూడియోలు వాడే ఖరీదైనదే కావాలా అన్న తగవు మీద పుట్టిన చాటువు ఇది. కవి పేరు దొరకదు. రెండు పక్షాలకూ ఒకేసారి కోపం తెప్పించినవాడు పేరు దాచుకోవడంలో వింతేమీ లేదు. సంబోధన మాత్రం బస్తర్‌లోని జగదల్‌పూర్ కుర్రవాడొకడికని పద్యం పోకడే చెబుతోంది. అతని కోరిక ఇది: తలకు అడవిదున్న కొమ్ములు కట్టి, ముఖం మీద గవ్వల సరాలు వేలాడేసుకుని, మెడలో పొడవాటి డోలుతో ఆడే దండామి మాడియా నర్తకుణ్ణి తన గేములో నాయకుడిగా నిలబెట్టాలి.

బస్తర్ మాటకు తెలుగు టీక ఎందుకని అడగవచ్చు. 1323లో ఓరుగల్లు పడ్డాక ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు వచ్చి ఇక్కడ రాజ్యం పెట్టాడని బస్తర్ రాజవంశం చెప్పుకుంటూ వచ్చింది. అంత వెనక్కి పోనక్కరలేదు. జగదల్‌పూర్ నుంచి సుక్మా, కోంటా మీదుగా దిగితే భద్రాచలమే. కోంటా దాటకముందే తెలుగు వినబడుతుంది.

ప్రతిపదార్థం

మేటి శిల్పి = ఓ గొప్ప శిల్పీ (ఇంకా ఒక్క బొమ్మా పూర్తి కాలేదని ధ్వని); కాసు లేకున్నన్ = చేతిలో డబ్బు లేకపోతే; బ్లెండరు = వంటింటిది కాదు, టోన్ రోజెండాల్ అనే డచ్చివాడు మొదలుపెట్టిన సాఫ్ట్‌వేర్; కాసులు + ఉన్నన్ = ఏటా లక్ష దాటే చందా కట్టగలిగితే; మాయ = ఆటోడెస్క్ వారి మాయా; పెద్దలు = యూట్యూబులో పాఠాలు చెప్పేవారు; అందురు = అంటారు (కట్టేది వాళ్ళు కాదు కనుక తేలిగ్గా అంటారు); మైనము + అట్లు = మైనంలాగా; కరగిపోయెడు దానికై = చివరికి ఉండని వస్తువు కోసం; కలహము + ఏల = తగవెందుకు; మిగులు రూపమున్ = మిగిలే ఆకారాన్ని; కనవోయి = చూడవోయ్.

తాత్పర్యం

పనిముట్టు గురించి కొట్టుకోవద్దు, బొమ్మను చూసుకో.

ఇంత చిన్న తాత్పర్యానికి నాలుగు పాదాలు ఎందుకయ్యాయో కింద తెలుస్తుంది.

వ్యాఖ్య

తేటగీతి. యతులు కా–కా, మా–మై, క–క, మి–మే సరిపోయాయి. మొదటి పాదంలో ‘బ్లె’ సంయుక్తాక్షరం కదా, దాని ముందున్న ‘న్న’ గురువు కావద్దా అని ఒక శంక. అయితే అక్కడ మూడు గురువులు చేరి పద్యం కూలిపోతుంది. అరువు మాటకు అంత పట్టింపు లేదని కవి తరఫున నేనే తీర్పు చెబుతున్నాను.

పాఠాంతరం ఒకటుంది. పెన్‌డ్రైవుల మీద ఊరూరా తిరిగే ప్రతుల్లో ‘కాసులున్న’ బదులు ‘క్రాకులున్న’ అని కనిపిస్తుంది. గణం చెడదు, యతి చెడదు. ఛందస్సుకు నిర్దుష్టం. కానీ అర్థం తలకిందులవుతుంది: తాళం పగలగొట్టిన మాయా ఊరికే వస్తుంటే ఎంపిక ఇంకెక్కడిది? మన దగ్గర చాలామంది చదువు ఈ పాఠంతోనే సాగింది, దాచి లాభం లేదు. అయినా గ్రాహ్యం కాదు. వైరస్ వెంటబడి వస్తుందన్నది చిన్న కారణం. గేము అమ్ముడుపోయి నాలుగు డబ్బులు వచ్చిన రోజున లైసెన్సు ఏదని అడిగితే చూపించడానికి ఏమీ ఉండదన్నది పెద్ద కారణం. విద్యార్థులకు ఆటోడెస్క్ ఉచితంగా ఇచ్చే మాయాకూ ఇలాంటి చిక్కే ఉంది. దానితో నేర్చుకోవచ్చు, వ్యాపారం చేయకూడదు.

‘మాయ’ అనగానే శంకరాచార్యుల వైపు పరుగెత్తే వ్యాఖ్యాతలున్నారు. వాళ్ళను ఆ దారిన పోనిద్దాం. ఇక్కడ గమనించవలసింది ఉపలక్షణం, అంటే ఒకటి చెప్పి దాని పరివారమంతటినీ చెప్పడం. పెద్ద స్టూడియోల్లో చెక్కుడు పని ఎక్కువగా జీబ్రష్‌లో జరుగుతుంది, రంగులు సబ్‌స్టాన్స్ పెయింటర్‌లో పడతాయి. మొదటిది ఇప్పుడు మ్యాక్సన్ చేతిలో ఉంది, రెండోది 2019 నుంచి అడోబీ చేతిలో. ఒక చందా అని మొదలుపెట్టి మూడు కట్టించడమే ఈ ఉపలక్షణ చమత్కారం.

ఇక మైనమట్లు. పద్యమంతా ఈ మాట మీదే నిలబడింది. జగదల్‌పూర్ నుంచి రాయ్‌పూర్ దారిలో కొండాగావ్ వస్తుంది. డోక్రా పోత పోసే ఘడ్వాల ఊరు, పేరుమోసిన పోత శిల్పి జయదేవ్ బఘేల్ ఊరు. అక్కడ బొమ్మకు ముందు మట్టితో లోపలి ముద్ద చేస్తారు. అది ఆరాక తేనెమైనాన్ని సన్నటి దారాలుగా తీసి చుట్టూ చుడతారు. కన్ను, ముక్కు, నగ, నడుం పట్టీ అన్నీ ఆ దారాలతోనే. దాని మీద మెత్తటి మట్టి, ఆపైన గరుకు మట్టి మెత్తి కాలుస్తారు. మైనం కరిగి జారిపోతుంది. అది వదిలిన సందులోకి కరిగిన ఇత్తడి పోస్తారు. చల్లారాక అచ్చు పగలగొట్టాల్సిందే, ఒక అచ్చుకు ఒకే బొమ్మ. చేతిలోకి వచ్చిన బొమ్మ మీద మైనపు దారాల చుట్లు కనిపిస్తూనే ఉంటాయి, మైనం మాత్రం ఉండదు.

గేము బొమ్మ పుట్టుకా ఇంతే. మొదట లక్షల ముఖాలున్న, అంటే లక్షల చిన్న పలకలున్న, బరువైన బొమ్మను చెక్కుతారు. చర్మం మీది ముడత, బట్ట కుట్టు, కొమ్ము మీది గరుకు అన్నీ అందులో ఉంటాయి. ఆ బరువును ఫోను మోయలేదు. అందుకని దాని మీద కొన్ని వేల ముఖాలతో తేలికపాటి ఒంటిని మళ్ళీ అల్లుతారు. మోచేయి, మోకాలు వంగే చోట గీతలు చుట్టూ తిరిగేలా అల్లాలి, లేకపోతే నడిచినప్పుడు మోకాలు నలిగిన గొట్టంలా అవుతుంది. ఆ తరువాత చెక్కిన బొమ్మలోని ఎత్తుపల్లాలను నార్మల్ మ్యాప్ అనే ఊదారంగు చిత్రంలోకి దింపి, తేలిక ఒంటికి తొడుగుతారు. ఈ దింపుడుకు పనివాళ్ళ మాట బేకింగ్. లక్షల ముఖాల బొమ్మ గేములోకి రానే రాదు. దాని ముడతలు మాత్రం వెలుగునీడలుగా వస్తాయి. అవి ఏ సాఫ్ట్‌వేర్‌లో చెక్కినవో ఆడేవాడు చెప్పలేడు.

కరగిపోయెడు దానికై అన్నచోట రెండో అర్థం కూడా ఉంది. సాఫ్ట్‌వేర్ కూడా కరుగుతుంది. చవకవాటి సంగతి చూడండి. త్రీడీఎస్ మ్యాక్స్‌కు తమ్ముడిగా ఉచితంగా వచ్చిన జీమ్యాక్స్ ఆగిపోయింది. ట్రూస్పేస్‌ను 2008లో మైక్రోసాఫ్ట్ కొని, ఊరికే పంచి, మరుసటి ఏడాదే మూసింది. ఖరీదైనవి చిరంజీవులా అంటే అదీ కాదు. హాఫ్‌లైఫ్ 2 బొమ్మలకు వాడిన సాఫ్ట్ఇమేజ్‌ను ఆటోడెస్క్ 2008లో కొని, 2015 ప్రతితో ముగించింది. మాయా 1998లో పుట్టింది ఇంకొకరి ఇంట్లో, 2006లో ఆటోడెస్క్ ఇంటికి వచ్చింది. 2016 నుంచి దాన్ని ఒక్కసారి కొని దాచుకునే వీలు లేదు, అద్దె కట్టాలి. అద్దె ఆగితే సొంత ఫైలే తెరవనివ్వదు.

బ్లెండరూ ఒకసారి కరిగింది. దాన్ని నడిపిన కంపెనీ 2002లో చేతులెత్తేసింది. దాన్ని వదలడానికి పెట్టుబడిదారులు లక్ష యూరోలు అడిగారు. వాడుకునేవాళ్ళు ఏడు వారాల్లో చందాలు పోగేసి విడిపించుకున్నారు. ఆ అక్టోబరు 13న దాని సోర్స్ కోడు అందరి సొత్తయింది. చందా అనే మాటకు బ్లెండరు చరిత్రలో ఒక అర్థం, మాయా చరిత్రలో ఇంకో అర్థం.

పూర్వపక్షం: ఊరికే వచ్చేది తక్కువరకం. సమాధానం: 2025లో ఆస్కార్ తెచ్చుకున్న లాత్వియా చిత్రం ‘ఫ్లో’ బ్లెండర్‌లో చేసినదే. పూర్వపక్షి ఊరుకోడు: అది సినిమా, ఇది గేము. ఇక్కడ అతనికి కొంత బలముందని ఒప్పుకోవాలి. బొమ్మకు ఎముకలు తొడిగి ఆడించే పనిలో మాయా చెయ్యి ఇప్పటికీ పైనే. బొమ్మను గేము ఇంజిన్‌కు మోసుకెళ్ళే ఎఫ్‌బీఎక్స్ అనే మూట కూడా ఆటోడెస్క్‌దే. బ్లెండరు వాళ్ళు ఆ మూట కట్టడం సొంతంగా తంటాలు పడి నేర్చుకున్నారు. బ్లెండర్‌లో కొలత మీటర్లు, అన్‌రియల్ అనే గేము ఇంజిన్‌లో సెంటీమీటర్లు. ఆ తేడా సరిచూసుకోనివాడి నర్తకుడు తెర మీద చీమంత అయినా దిగుతాడు, చిత్రకోట్ జలపాతమంత అయినా దిగుతాడు. అందరికీ తెరిచి ఉన్న జీఎల్‌టీఎఫ్ అనే మూట వచ్చాక ఈ బాధ కొంత తగ్గింది.

పూర్వపక్షి గమనించనిది ఒకటి. మాయా చందా 30 రోజులకు ఒకసారైనా ఇంటర్నెట్‌లో ముఖం చూపించమంటుంది. జగదల్‌పూర్‌లో అది లెక్కలోకి రాదు. వానాకాలంలో లోపలి ఊళ్ళోని సొంతింటికి పోయి, సిగ్నల్ కోసం గుట్ట ఎక్కేవాడికి లెక్కే. ఒకసారి డౌన్‌లోడ్ చేసుకున్నాక బ్లెండరు ఎవరినీ ఏమీ అడగదు.

కనవోయి. ఈ మాటను పాదపూరణం అనుకుని దాటేస్తారు. నా లెక్కలో కవి అసలు తిట్టింది ఇక్కడే. సాఫ్ట్‌వేర్‌ల పోలిక చూస్తూ రాత్రులు గడిపే శిల్పి ఆ కొమ్ములు తల మీద ఎలా నిలుస్తాయో ఒక్కసారైనా చూశాడా? జగదల్‌పూర్ మానవశాస్త్ర మ్యూజియం ఊళ్ళోనే ఉంది. దసరాకు రథం లాగడానికి మాడియాలు ఊళ్ళోకే వస్తారు. కొమ్ముల బరువుకు మెడ ఎలా బిగుస్తుంది, దున్నపోతుల్లా ఒకరి మీదికి ఒకరు దూకేటప్పుడు గవ్వల సరాలు ఎంత ఆలస్యంగా ఊగుతాయి అన్నవి ఏ మెనూలోనూ దొరకవు. గవ్వను గవ్వగా చేస్తే ముఖాల లెక్క చేయి దాటుతుంది. పలచటి పట్టీల మీద గవ్వల చిత్రం అతికించి, మిగతా భాగం పారదర్శకం చేయాలి. ఆ ఉపాయం రెండు సాఫ్ట్‌వేర్‌లలోనూ ఒకటే. సరం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో మాత్రం చూసినవాడికే తెలుస్తుంది. కొమ్ములు కనబడగానే శత్రువు వేషం కట్టించడం గేముల్లో పాత అలవాటు. ఆ నాట్యం ఆడేవాళ్ళను అడగకుండా ఆ తలపాగాను ఎవరి తలకు పెట్టినా తప్పే. బ్రిటిష్ అధికారి గ్రిగ్సన్ 1938లో తన పుస్తకంలో దండామి మాడియాలను ఆ కొమ్ముల పేరుతోనే పిలిచాడు. మన కుర్రవాడు అంతకన్నా కొంచెం దగ్గరగా చూడగలడు.

నిర్ణయం: ఇప్పుడు బ్లెండరు. మొదటి బొమ్మ, రెండో బొమ్మ, పారేయదగిన మూడో బొమ్మ అందులోనే. హైదరాబాద్‌లో స్టూడియో ఉద్యోగం వస్తే మాయా నేర్చుకోక తప్పదు. మీటలు మారతాయి, మోకాలి చుట్టూ గీతలు తిరిగే దారి మారదు. ఆ చందా వాళ్ళు కడతారు.