నాలుగవ వైరాగ్యము

పురాణ, ప్రసూతి, శ్మశాన వైరాగ్యములు మూడింటిని మన పెద్దలు ఎన్నడో లెక్కించి యుంచిరి గాని, నాలుగవదియగు రాజీనామా వైరాగ్యము కాలిఫోర్నియాలోని మౌంటెన్ వ్యూ నగరమున పుట్టినది. అక్కడి గూగుల్ సంస్థలో చేరిననాడు నడినెత్తిన రెక్క తిరుగు రంగురంగుల టోపీ ధరించి మురిసి, ఉచిత భోజనశాలలలో మూడు పూటల నారగించి, జీతముతోపాటు వాటాలను పుచ్చుకొన్నంతకాలము నోరు మెదపని మహనీయులు, వెలుపలికి వచ్చిన మరునాడే “అయ్యో, సంస్థ భ్రష్టమైపోయినది” అని విలపింతురు. ‘చెడు చేయకుము’ అను ఆ సంస్థ సూక్తి 2018లో ప్రవర్తనా నియమావళి పీఠికనుండి జారి చివరి పంక్తిలో మాత్రమే మిగిలినప్పుడు వీరి దృష్టికి ఆనలేదు. 2023 జనవరి 20న సంస్థ సుమారు 12,000 మందిని తొలగింతుమని ప్రకటించి, అమెరికాలోనివారికి ఈమెయిలుతోనే ఉద్వాసన చెప్పినంతనే ధర్మసూక్ష్మములన్నియు ఒక్కుమ్మడి స్ఫురించినవి. 2018 నవంబరులో కొలువులో ఉండియే వేలాదిగా వెలుపలికి నడచి నిరసించినవారిని ఈ జాబితాలో చేర్చుట అన్యాయము. తక్కినవారికి మాత్రము ఒక మాట: వాటాలు చేతికందిన పిమ్మట మేల్కొను అంతరాత్మకు ధైర్యమను బిరుదు చెల్లదు.