ఓటుకు మస్టర్ పడ్తదా?

2023 డిసెంబర్ 27న సింగరేణి గుర్తింపు సంఘం ఎన్నికల్లో 94 శాతం పోలింగ్.
2024 మే 13న హైదరాబాద్ లోక్‌సభ స్థానంలో 48 శాతం.

బెల్లంపల్లి బాపు నైట్ షిఫ్టు దిగి, చెవుల్లో బొగ్గు దుమ్ముతోనే లైన్లో నిలబడ్డాడు.

కొడుకు ఉండేది మాదాపూర్‌లో, ఓటుండేది ఊళ్లో.

రెండో శనివారం, ఆదివారం, లోక్‌సభ పోలింగ్ సోమవారం. ఇంత ముద్దుగా సెలవులు కలిపిన ఎన్నికల సంఘానికి మనసులోనే ఓటేసి గోవా బస్సెక్కాడు.

"భాగ్యనగర్ రైల్ల సీటు దొర్కలే బాపూ!"
(గోవా బస్సులో మాత్రం కిటికీ పక్క సీటే దొరికింది.)

పిల్లలకు బాధ్యత లేదనకండి. బిగ్‌బాస్ ఇంట్లో ఎవరుండాలో, ఎవరు పోవాలో ఓటేసి మరీ తేలుస్తారు. దేశంలో ఎవరుండాలన్నది ఇంటి పెద్దల డిపార్ట్‌మెంట్.

ఈ ఓటు బద్ధకానికి ఇక మిగిలింది సింగరేణి మందే. పోలింగ్ రోజును ప్లేడే (సెలవు రోజు డ్యూటీ) చేసి, ఓటేసినోళ్లకు డబుల్ మస్టర్ (హాజరు) ఇస్తే?

ఈ ముచ్చట చెవిన పడగానే గోవా నుంచి ఫోన్:
"మస్టర్ ఎవరి పేరు మీద పడ్తది బాపూ? నీ పేరు మీదనైతే నా ఓటు గూడ నువ్వే ఏసెయ్!"