ఒక కేశనాళిక ఆత్మకథ

పుదుచ్చేరి నుండి కడలూరునకు బోవు దారిలో, మురుంగపాక్కమున మట్టిబొమ్మలు చేసి బ్రతుకు నొక వృద్ధుని యెడమచేతి యుంగరపు వ్రేలి కొన నా నివాసము. తలవెండ్రుకలో పదవవంతు లావైన నాకు లేదు. రక్తము దేహమున దిరుగునని 1628లో నిరూపించిన హార్వే మహాశయునికి సైతము మేము కంటబడలేదు. 1661లో మాల్పీఘీ కప్ప ఊపిరితిత్తులలో మమ్ము గనిపెట్టువరకు మా కులమునకు అజ్ఞాతవాసమే గతియయ్యెను.

నా గోడ యొకే కణము మందము. ఎర్రకణములు దండకు గ్రుచ్చిన పూసలవలె నొకదాని వెనుక నొకటి నలిగి సాగుచుండ, ప్రాణవాయువు గోడ దాటి చర్మకణములను జేరును, బొగ్గుపులుసు వాయువు ఇటు వచ్చును. ఇందు నా ప్రజ్ఞ యేమియు లేదు. ఎక్కువగా నున్న చోటినుండి తక్కువగా నున్న చోటికి బోవుట వాని స్వభావము.

నీటి సంగతి వేరు. 1930లో లాండిస్ అను శాస్త్రజ్ఞుడు వ్రేలి చర్మమందలి మావారిలో సన్నని గాజుగొట్టమును జొనిపి చూడగా, ధమని వైపున సుమారు 32, సిర వైపున 12 మిల్లీమీటర్ల పాదరసపు ఒత్తిడి కనబడెను. సందులలో బట్టక రక్తమందే నిలిచిపోవు ఆల్బుమిన్ మొదలగు మాంసకృత్తులు సుమారు 25 మిల్లీమీటర్ల బలముతో నీటిని లోనికి లాగుచుండును. కావున చక్కెరయు లవణములును గలిసిన నీటిని నేను మొదట గార్చుదును, తుదను గొంత పీల్చుకొందును. మిగిలినదానిని నా పొరుగువాడగు శోషరసనాళము చేరదీసి మెడక్రింది సిరలలో గలుపును. కార్చుట నా దోషమని యెవరైన నందురేమో! నేను గార్చకున్న చుట్టునున్న కణములు పస్తుండవలసినదే.

ఆ పొరుగువాడు చెడినచో నేమగునో పుదుచ్చేరివారికి జెప్పనక్కరలేదు. మురుగునీట బుట్టు క్యూలెక్స్ దోమలు తెచ్చు బోదకాలి పురుగులు శోషరసనాళములలో గాపురము పెట్టి వానిని జెరుపగా, కాలిలోని మావారు యథావిధిగా గార్చిన ద్రవము పోవు దారి లేక నిలిచి, కాలు వాచి బరువెక్కును. ఆ పురుగుల పిల్లలు పగలు ఊపిరితిత్తుల కేశనాళికలలో డాగి, దోమలు కుట్టు రాత్రివేళకు చర్మమునకు వచ్చును. 1981-85 నడుమ వెక్టర్ కంట్రోల్ రీసెర్చ్ సెంటరువారు పుదుచ్చేరిలో దోమల పుట్టుకనే యరికట్టుటకు బూనిన కాలమున, ఒక రాత్రి పరీక్షకులు మా యజమాని వ్రేలికొన గ్రుచ్చిరి. సూది నా ప్రక్కవానిని జీల్చెను, నేను బ్రతికితిని. చుక్కనెత్తుటిలో బురుగు పిల్లలు లేవట.

మరునాడు వ్రేలు నొచ్చుచున్నదని గొణుగుచునే యాయన బంకమట్టి పిసుకసాగెను. కండరములకు బని హెచ్చిన కొలది, విశ్రాంతివేళ మూసికొనియుండు ముంజేతిలోని మా జ్ఞాతులు పలువురు తెరచుకొందురు. ఈ మర్మమును గనిపెట్టినందుకు క్రోగ్ మహాశయునికి 1920లో నోబెల్ బహుమానము వచ్చినది. తెరచుకొన్నవారికి మాత్ర మేమియు రాలేదు.