భూమికి దడ, మనకు నిద్రలేమి!

సైబీరియాలోని టామ్‌స్క్ విశ్వవిద్యాలయం గ్రాఫులో తెల్లచార కనబడితే చాలు, ‘భూమాత గుండె దడ పెరిగింది, అందుకే మీకు తలనొప్పి’ అంటూ ఫోన్లలో ఒకటే హోరు. సదరు గుండెచప్పుడు పేరు షూమన్ అనునాదం. నేలకూ అయనోవరణానికీ మధ్య మెరుపులు పుట్టించే విద్యుదయస్కాంత తరంగాలివి. 1952లో జర్మన్ శాస్త్రవేత్త షూమన్ లెక్కగట్టారు. మొదటి మెట్టు 7.83 హెర్ట్జ్. బలమంటారా, భూమి సొంత అయస్కాంత క్షేత్రంలో కోటోవంతు కూడా ఉండదు! అదే మన నిద్ర చెడగొట్టిందట. అర్ధరాత్రి ఒంటిగంటకు ఆ గ్రాఫును కళ్లలోకి కొడుతున్న ఫోను మాత్రం, పాపం, ఏమీ ఎరగదు. ఇంకా శాంతి కావాలా? 7.83 హెర్ట్జ్ పలికించే పెట్టెలూ అమ్ముతున్నారు. తెచ్చుకుని 50 హెర్ట్జ్ కరెంటు ప్లగ్గులో పెట్టుకోవడమే తరువాయి!