బోనాలకు బిషప్ గారి అనుమతి

కోకాపేట టవర్ల ‘సాత్విక బోనాల’ సర్క్యులర్ ఈపాటికి మీ ఫోన్‌కీ వచ్చే ఉంటుంది. పోతరాజు వద్దట, పిల్లలు జడుసుకుంటారట. యాట వద్దు, గుమ్మడికాయ చాలు. డప్పు అరగంటే, అదీ రెండో బేస్‌మెంట్‌లో. ఆ తర్వాత క్లబ్‌హౌస్‌లో ‘బోనాల వెనుక సైన్స్’ మీద ప్రసంగం. వేపాకు ఎందుకో, పసుపు ఎందుకో అన్నీ చెబుతారట. అమ్మవారు ఎందుకో మాత్రం ఎజెండాలో లేదు.

నన్ను నిద్రపోనివ్వనిది రంగం సంగతి. పచ్చికుండ మీద నిలబడి భవిష్యవాణి చెప్పే ఆడమనిషి బదులు ఈసారి లైఫ్ కోచ్ మాట్లాడతాడట. పూనకానికి బదులు పవర్‌పాయింట్.

తేడా ఏమిటో కమిటీకి తెలిసినట్టు లేదు. రంగంలో అమ్మవారు వానల గురించి, రోగాల గురించి చెబుతుంది. అంతకుముందు ఊరిని నిలదీస్తుంది. నన్ను సరిగా చూసుకోవట్లేదని కోప్పడుతుంది. పెద్దమనుషులు చేతులు కట్టుకుని, తప్పయింది తల్లీ అంటారు. లైఫ్ కోచ్ ఎవరిని నిలదీస్తాడు? అతని ఫీజు వచ్చేది మన మెయింటెనెన్స్ ఫండ్ నుంచే కదా!

నిజంగానే అమ్మ పూని, ‘ఇక్కడి గుట్టల్ని పేల్చిందెవర్రా?’ అని అడిగిందనుకోండి. సెక్రటరీ గారు ఏమంటారు? ‘ఆ పాయింట్ వచ్చే ఏజీఎంలో తీసుకుందాం తల్లీ’ అంటారా?

ప్రసంగం అయ్యాక ఫీడ్‌బ్యాక్ ఫారం కూడా ఉందట. భవిష్యవాణికి ఐదుకి ఎన్ని స్టార్లు ఇవ్వాలో నేనింకా తేల్చుకోలేదు.

తమాషా ఏమిటంటే, తెల్లారితే ఇదే గ్రూపులో తెల్లదొరల మిషనరీలను తిట్టే ఫార్వర్డ్‌లు. తిట్టండి, తిట్టదగ్గ పనులు వాళ్ళు చాలానే చేశారు. 1806లో పూరీలో జగన్నాథుణ్ణి చూసిన పాదిరీ క్లాడియస్ బుకానన్‌కు బైబిల్లోని నరబలులు కోరే మోలెకు గుర్తొచ్చాడు. 1813లో వాళ్ళ తరఫున ఎంపీ విల్బర్‌ఫోర్స్ లండన్ పార్లమెంటులో నిలబడి హిందువుల దేవుళ్ళను దుర్మార్గపు మూర్తులుగా వర్ణించాడు. ఆ ప్రొటెస్టెంట్లకు రోమన్ కాథలిక్కుల్లో ఏవి గిట్టలేదో ఇక్కడా అవే గిట్టలేదు: విగ్రహం, పూజారి, ఊరేగింపు, ధూపం. గ్రంథం ఉంటే మతం, లేకుంటే మూఢనమ్మకం. ఉపనిషత్తులకు పాస్ మార్కులు పడ్డాయి, పోచమ్మ తప్పింది.

మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ దక్షిణాది గ్రామదేవతల మీద 1916లో ఏకంగా పుస్తకమే వేశాడు. మన తెలుగు ఊళ్ళ జాతరలు, దున్నపోతు బలులు ఓపికగా రాసుకున్నాడు. చివరికి మాత్రం ఈ పద్ధతి మొత్తం ఖండించాల్సిందేనని తేల్చాడు. మన సర్క్యులర్ ఆయన చివరి పేజీలను పట్టుకుంది, ఆయన ఓపికను వదిలేసింది. అన్నట్టు, 1910 ఎడిన్‌బరో మిషనరీ మహాసభ నాటికి మిషనరీల్లోనే చాలామంది మెత్తబడ్డారు. అన్యమతాల్లోని మంచిని గౌరవించాలని అక్కడి నివేదికే చెప్పింది. మన కమిటీ ఇంకా 1806లోనే ఉంది.

అడిగితే, మనది మతం కాదు, జీవన విధానమట. సరే. ఎవరి జీవనం?

ఇక నవ్వలేను. 2023 ఆగస్టులో ఈ కోకాపేటలో ఎకరం 100 కోట్లు దాటింది. అంతకుముందు ఇదొక ఊరు. తెలంగాణలో పోచమ్మ లేని ఊరుందా? ఆ తల్లికి బోనమెత్తినవాళ్ళ పిల్లలు ఈ టవర్ల మెట్లు తుడుస్తున్నారు, గేటు కాడ నిలబడుతున్నారు. మీరు వాళ్ళ పండుగను తీసుకున్నారు. వాళ్ళ యాటను, వాళ్ళ డప్పును, వాళ్ళ పూనకాన్ని ఏరి పారేశారు. మిగిలినదానికి ‘మన సంస్కృతి’ అని బ్యానర్ కట్టారు. పోనీ వాళ్ళను పిలిచారా? సర్క్యులర్ చివరి లైను చదవండి: ‘స్టాఫ్ సర్వీస్ లిఫ్ట్ మాత్రమే వాడవలెను.’

1878 జులై 3న, కరువు కాలంలో, గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇప్పించాడు ఒంగోలు మిషనరీ క్లౌ దొర. వాళ్ళలో ఎక్కువమంది మాదిగలు. అది ఆత్మల వేటా, అన్నం ఆశా అని వాదించుకోండి, నాకు అభ్యంతరం లేదు. కానీ ఊరు బయట ఉంచినవాళ్ళను ఆ దొర తన వాళ్ళంటూ లెక్కపెట్టుకున్నాడు. వంటమనిషిని మీ లిఫ్ట్ ఎక్కనివ్వని మీరు ఆయన మతమార్పిడుల మీద ఏ మొహం పెట్టుకుని మాట్లాడతారు?

యాటను కోయడం మీకు నచ్చకపోతే కోయకండి. మాంసం తినకపోతే మానేయండి, ఎవరు బలవంతపెట్టారు? దాన్ని పండుగకు జరిగిన సంస్కారమని మాత్రం అనకండి. ఆ పనికి దొరలు ఓడలెక్కి వచ్చారు, జ్వరాలతో చచ్చారు. మీరు జీతం లేకుండా, ఏసీలో కూర్చుని, వాళ్ళను తిడుతూనే పూర్తి చేస్తున్నారు.