ఎంకే ఇమేజ్ గారికి బహిరంగ లేఖ

వోల్ఫ్‌గాంగ్ డెంక్ గారి పీపీసీబూట్ అనే బూట్‌లోడర్ యూ-బూట్‌గా ఎదిగిన రోజుల నుంచీ మీరు ఆ ఇంటి పనిముట్లలో పెద్దవారు. కెర్నల్‌కు ముందు 64 బైట్ల హెడర్ తగిలించడం మీ తొలి విద్య. హెక్సాలో 27051956 అనే మ్యాజిక్ సంఖ్య, సీఆర్‌సీ, లోడ్ అడ్రస్, 32 బైట్ల పేరు అందులోనే ఉంటాయి. ఆ హెడర్ లేకుండా పాత తరహా ఇమేజ్ ఇస్తే బోర్డు ఒప్పుకోదు. అందుకే బోర్డును మొదటిసారి లేపేవాళ్లలో చాలామంది మీ గుమ్మం తొక్కాల్సిందే. ఆ గౌరవంతోనే ఈ ఫిర్యాదు.

మా ఏఆర్ఎం బోర్డుకు వెళ్లే కోడ్‌కు ఏఆర్ఎం కంపైలర్ కావాలి. మీరు నడిచేది మాత్రం మా ల్యాప్‌టాప్ మీద. కాబట్టి మీకు ల్యాప్‌టాప్ సొంత కంపైలర్, దాని సొంత లైబ్రరీలు కావాలి. మా బాధంతా అక్కడే మొదలవుతుంది.

డెబియన్, ఉబుంటు వాళ్లకు యూ-బూట్-టూల్స్ ప్యాకేజీలో మీరు సిద్ధంగానే దొరుకుతారు, కాదనను. కానీ మా సోర్స్ వెర్షన్‌కు సరిపోయే మిమ్మల్నే కావాలంటే కట్టుకోక తప్పదు. మేక్ టూల్స్-ఓన్లీ అనగానే ఓపెన్ఎస్ఎస్ఎల్ ఈవీపీ.హెచ్ కనబడలేదంటూ ఆగిపోతారు. ఉబుంటులో ఆ ఫైల్ ఉండేది లిబ్ఎస్ఎస్ఎల్-డెవ్‌లో, ఫెడోరాలో ఓపెన్ఎస్ఎస్ఎల్-డెవెల్‌లో. సంతకాల ఊసే లేని ఉత్త హెడర్ అడిగినవాడికి ఈ క్రిప్టో సామగ్రి ఎందుకండీ? గ్లాసు మజ్జిగ అడిగితే గేదెను తోలుకు రమ్మన్నట్టుంది.

2020లో జీసీసీ 10 వచ్చింది. ఒకే గ్లోబల్ వేరియబుల్ రెండుచోట్ల ఉంటే సహించే పాత అలవాటు మానుకుంది. అంతే, అక్షరం మారని మీ ఇంటి పాత వెర్షన్లు వైవైలాక్ రెండుసార్లు ఉందంటూ లింకింగ్‌లో కూలాయి. ఫీల్డ్‌లో ఏళ్ల తరబడి పనిచేసే పరికరానికి మేం ఆ పాత వెర్షన్‌నే మళ్లీ మళ్లీ కట్టాలి. మీ కోసమే పాత ఉబుంటును కంటైనర్లో పెట్టి పోషిస్తున్నాం. ఇది మీకు ఎప్పుడైనా గుర్తుకొస్తుందా?

మాక్ సంగతి వేరు. ఆపిల్ ఇచ్చే మేక్ 3.81, బైసన్ 2.3 రెండూ 2006 నాటివి. హోమ్‌బ్రూలో ఓపెన్ఎస్ఎస్ఎల్ తెచ్చినా కంపైలర్ మామూలుగా చూసే చోట అది ఉండదు, దారి మేమే చూపించాలి.

అన్నిటికన్నా నన్ను కలచివేసేది విండోస్. కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లల చేతిలో చాలాసార్లు ఉండేది అదే. వాళ్లు ఎంఎస్‌వైఎస్2 దించుకోవాలి, జీసీసీ, బైసన్, ఫ్లెక్స్, డిఫ్‌యుటిల్స్, ఓపెన్ఎస్ఎస్ఎల్ ఒక్కొక్కటిగా వేసుకోవాలి. అందులోనూ మింగ్‌డబ్ల్యూ షెల్ కాకుండా ఎంఎస్‌వైఎస్ షెల్‌నే తెరవాలి. ఇంత చేసి కట్టిన ఈఎక్స్ఈని పక్క మెషీన్లో పెడితే ఎంఎస్‌వైఎస్-2.0 డీఎల్ఎల్ లేదని నడవదు. సీరియల్ కన్సోల్ మీద బూట్‌లోడర్ తొలి అక్షరాలు చూడాలని ఉత్సాహంగా వచ్చిన పిల్ల, బోర్డుకు కరెంటు కూడా ఇవ్వకుండానే సాయంత్రం ఇంటికి వెళ్లిపోతుంది. బూట్‌లోడర్లంటే భయం ఆమెకు అక్కడే పట్టుకుంటుంది. ఆ నష్టం మీరు పూడ్చలేరు.

క్రిప్టో లేకుండా మిమ్మల్ని కట్టడానికి టూల్స్ లిబ్‌క్రిప్టో అనే మీట మీ కాన్ఫిగ్‌లో ఉంది. ఉన్న సంగతి ఎర్రర్ చదివేవాళ్లకు ఎలా తెలుస్తుంది? కంపైల్ మొదలుపెట్టే ముందే మా సిస్టమ్ ఏదో చూసుకుని, లేని ప్యాకేజీని అక్కడి పేరుతో చెప్పండి. అక్కర్లేనివాళ్లకు ఆ మీట కూడా అదే వరుసలో చూపండి. ఈ రెండూ చేస్తారని ఆశిస్తూ,

ఇట్లు,
మీ మీద ఆధారపడ్డ ఒక ఎంబెడెడ్ ఇంజనీరు