ముఖానికి లప్పం

మా ఇంటికి రంగులేయించినప్పుడు మేస్త్రి ముందు ప్రైమర్ కొట్టాడు. అందులో ఏం కలుస్తాయయ్యా అనడిగితే, “గోడకేనండీ! దానికేమన్నా దురద పుట్టుద్దా?” అన్నాడు. నిజాయితీపరుడు. ముఖాలకు ప్రైమర్ అమ్మేవాళ్లు ఆ మాట పైకి అనరు, అంతే తేడా.

మా మేనకోడలు పెళ్లికని కొన్న ప్రైమర్ ట్యూబు చేతిలోకి తీసుకున్నాను. ముందువైపు గులాబీలు, మంచుబొట్లు. వెనకవైపు చీమలబారు. ఫోన్లో ఫొటో తీసి పెద్దది చేసుకుంటే గానీ చదవలేం. మొదటి పేరు సైక్లోపెంటాసిలోక్సేన్, రెండోది డైమెథికోన్. రెండూ సిలికోన్లే. ఎక్కువున్నది ముందు రాయాలని రూలు. ఒక శాతం లోపువాటిని మాత్రం ఎలాగైనా పేర్చుకోవచ్చు. ఫినాక్సీఇథనాల్ అనే నిల్వమందు ఒక శాతం దాటకూడదు. గులాబీ సారం దాని వెనకాల నక్కి ఉంది. అంటే అది పాయసంలో యాలక్కాయ కూడా కాదు, పక్కింటి పాయసం వాసన!

సిలికోన్లను తిట్టడం ఇప్పుడో ఫ్యాషన్. పాపం, వాటివల్ల చర్మానికి అలర్జీ రావడం అరుదు. ఆ సైక్లోపెంటాసిలోక్సేన్‌ను కడిగేసే సరుకుల్లో 0.1 శాతానికి మించనివ్వకుండా ఐరోపా 2020 నుంచి కట్టడి చేసింది నీళ్లలో చేరితే ఓ పట్టాన పోదని, ముఖం పాడవుతుందని కాదు. నా పేచీ అంతా ‘పర్‌ఫ్యూమ్’ అన్న ఒక్క మాటతో. ఆ దుప్పటి కింద ఎన్ని పదార్థాలు ముసుగుతన్ని పడుకున్నాయో ఎవడికెరుక? అలర్జీ తెచ్చేవాటిలో ముందు వరుస దానిదే.

‘పారాబెన్ ఫ్రీ’ అన్నది మరో బిరుదు. పారాబెన్లనే నిల్వమందులను తరిమి చాలా కంపెనీలు మిథైల్‌ఐసోథయజోలినోన్‌కు పీట వేశాయి. 2013లో అమెరికన్ కాంటాక్ట్ డెర్మటైటిస్ సొసైటీ దాన్నే ఆ ఏటి అలర్జీకారకంగా ప్రకటించింది. 2019లో అదే సొసైటీ పారాబెన్లకు ‘అలర్జీకారకం కానిది’ అని కితాబిచ్చింది. ఎలుకకు భయపడి ఇల్లు తగలబెట్టుకోవడమంటే ఇదే.

‘నాన్ కొమెడోజెనిక్’ అట. మొటిమలు రానివ్వదట. ఆ పరీక్ష మొదట కుందేలు చెవుల మీద చేశారు. మా పిల్ల చెవులు మామూలువే. ‘డెర్మటాలజిస్టులు పరీక్షించినది’ అట. పరీక్ష రాసింది సరే, ప్యాసయిందా?

“మోచేతి మడతలో వారం రోజులు రాసి చూడమ్మా” అన్నాను.

“పెళ్లి ఎల్లుండి మావయ్యా!”

కొన్న కొట్టుకే వెళ్లి, దద్దుర్లొస్తే ఏం చెయ్యాలని కౌంటర్లో అమ్మాయినడిగాను.

“ఏం కాదు సార్, పైన ఫౌండేషన్ వేస్తే కనపడవు.”